పుస్తకాల వీధికి 1,660 కిలోమీటర్లు

తెలుగు దేశంలో ఒక తరం పాఠకులకు శరత్ చంద్రుడు బెంగాలీ రచయిత అన్న సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. 1917లో బెంగాలీలో వెలువడిన 'దేవదాసు' తెలుగులోకి వచ్చి, తరువాత 1953లో వెండితెర మీదికెక్కి, ఎంతగా మనదైపోయిందంటే, శరత్ బాబు ఏ తెనాలి వాడో, ఏ నరసాపురం వాడో అయి ఉంటాడని నమ్మిన గృహిణులు ఆనాడు ఎందరో ఉండేవారు. ఆ నమ్మకాన్ని ఎవరూ పనిగట్టుకుని చెరపలేదు. చెరపవలసిన అవసరమూ కనబడలేదు.

అటువంటి ఒక ఇంట్లో పెరిగిన విజయవాడ వాసి, విశ్రాంత ఉపాధ్యాయుడు, ఇటీవల ఒక వర్షాకాలంలో చెన్నై నుంచి కోల్‌కతాకు రైలులో బయలుదేరారు. కుమారుని వద్ద కొద్ది రోజులు గడిపి, అటు నుంచి అటే ప్రయాణం కట్టారు. విమానమైతే రెండున్నర గంటలలో చేరవచ్చునని కొడుకు చెప్పాడు. మాస్టారు ఒప్పుకోలేదు. దారిలో చూడవలసినవి ఉన్నాయన్నారు. ఆయన సంచిలో రెండు జతల బట్టలు, ఒక మరచెంబు, సూరంపూడి సీతారాం తెలుగు చేసిన 'వనవాసి' నవల ఉన్నాయి.

ప్లాట్‌ఫారం మీది పుస్తకాలు

చెన్నైలో పుస్తకం కొనకుండా రైలెక్కడం ఒకప్పుడు మర్యాద కాదనిపించుకునేది. 1844లో మొదలైన హిగ్గిన్‌బాథమ్స్, దేశంలో నేటికీ నడుస్తున్న పుస్తక విక్రయశాలలలో అతి పురాతనమైనదిగా పేరు పొందింది. మౌంట్ రోడ్డులోని దాని తెల్లని భవనం ఎంత ప్రసిద్ధమో, దక్షిణాది స్టేషన్లలోని దాని చిన్న దుకాణాలు అంతకంటె ప్రసిద్ధం. ఉత్తరాదిన ఆ స్థానం వీలర్‌ది. 1877లో అలహాబాదులో ఎమిల్ మొరో అనే ఫ్రెంచి వ్యాపారి ఆ సంస్థను స్థాపించాడు. ఇంట్లో పేరుకుపోయిన పుస్తకాలతో భార్య విసిగిపోగా, వాటిని స్టేషనుకు మోయించి అమ్మించాడనీ, అలా మొదలైందనీ ఒక కథ చెప్పుకుంటారు. 1888లో రుడ్యార్డ్ కిప్లింగ్ తొలి కథల సంపుటాలు 'ఇండియన్ రైల్వే లైబ్రరీ' పేరిట, ఒక్కొక్కటి ఒక్క రూపాయికి, ఆ దుకాణాలలోనే అమ్ముడుపోయాయి. తరువాత నోబెల్ బహుమానం పొందిన రచయిత మొదట రైలు ప్రయాణికుల చేతులలోనే ఎదిగాడన్నమాట.

నేటి ప్లాట్‌ఫారం మీద ఆ వైభవం కనిపించదు. పుస్తకాల దుకాణం ఉన్నచోట కూడా ముందు వరుసలో మంచినీళ్ళ సీసాలు, బిస్కట్ పొట్లాలు, సెల్‌ఫోను తీగలు వేలాడుతుంటాయి. పుస్తకాలు వెనక్కి జరిగాయి. పోటీ పరీక్షల గైడ్లు, తొందరగా ధనవంతులయ్యే మార్గాలు చెప్పే పుస్తకాలు, వాటి నడుమ ఎక్కడో రెండు నవలలు. మాస్టారు కాసేపు వెతికి, వార్తాపత్రిక ఒకటి కొనుక్కుని, సాయంత్రం మెయిలులో కూర్చున్నారు. ఆయన బోగీలో పుస్తకం తెరిచినవారు ఆయన కాక మరొక్కరే. ఎదుటి బెర్తులోని పెద్దమనిషి. రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న బెంగాలీ. పుస్తకం పట్టుకున్న ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుంటే పరిచయానికి మూడో మనిషి అక్కరలేదు.

గోదావరి చేప

విజయవాడ నడిరేయి గడిచింది. సొంత ఊరు నిద్రలో దాటిపోవడం మాస్టారికి వింతగా తోచింది. పగలైతే ఏలూరు రోడ్డులోని పుస్తకాల దుకాణాలను, గాంధీనగరంలోని బాబాయ్ హోటల్‌లో వెన్నపూస వేసిన ఇడ్లీని తలచుకుంటూ దిగిపోయి ఉండేవారేమో. తెల్లవారుజామున వంతెన చప్పుడుకు మెలకువ వచ్చింది. గోదావరి. 1900లో పూర్తయిన పాత హావెలాక్ వంతెన 1997లో విశ్రాంతి తీసుకున్నది. దాని రాతి స్తంభాలు మసక వెలుతురులో వరుసగా నిలిచి ఉన్నాయి. వరద నీరు ఎర్రగా, నిండుగా, చప్పుడు లేకుండా పోతున్నది. పక్క బోగీలో ఎవరో నాణెం విసిరి దండం పెట్టుకున్నారు.

"ఈ నెలల్లోనే కదా మీ నదిలో ఇలిష్ దొరికేది?" అన్నాడు బెంగాలీ పెద్దమనిషి.

మాస్టారు నవ్వారు. ఈ ఎర్రనీటి రోజులలో గోదావరి జిల్లాలలో మరో మాట వినబడదు. సముద్రంలో ఉన్నంతకాలం ఆ చేప 'విలస'. దానికి పెద్ద గిరాకీ లేదు. వరద వచ్చినప్పుడు గుడ్లు పెట్టడానికి నదిలోకి చొరబడి, ప్రవాహానికి ఎదురీదుతూ పైకి వస్తుంది. ఆ ఎదురీతలో దాని రుచి మారిపోతుంది. పేరు కూడా మారి 'పులస' అవుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత అక్కడ పుట్టింది. రాత్రి మట్టికుండలో పులుసు పెట్టి, మరునాడు తినడం అక్కడి పద్ధతి. హుగ్లీలోనూ, రూపనారాయణ్‌లోనూ, పద్మానదిలోనూ బెంగాలీలు ప్రాణంగా చూసుకునే ఇలిష్ ఈ చేపే. ఒకే జాతి. నది వేరు, పేరు వేరు, వంట వేరు.

"పైకి రావడానికి దారి ఉంటే కదా!" అన్నాడు పెద్దమనిషి. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద పులస ప్రయాణం ఆగిపోతుంది. గంగ మీద 1975లో ఫరక్కా ఆనకట్ట వచ్చిన తరువాత, అంతకుముందు చాలా దూరం ఎగువకు పోయే ఇలిష్ కిందనే నిలిచిపోయింది. పంటకు నీరు కావాలి, రేవుకు నీరు కావాలి. ఎవరినీ తప్పు పట్టలేము. అయినా ఎదురీదే ప్రాణికి దారి మూసుకుపోవడం దుఃఖకరమైన సంగతే.

హజారి ఠాకుర్ కథ

వాల్తేరు దాటితే ఒకనాడు వేరే రైల్వే. దక్షిణాన మద్రాసు రైల్వే, ఉత్తరాన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ కలుసుకునేవి. బి.ఎన్.ఆర్. వారి వంటకు దేశమంతటా పేరుండేదని పెద్దమనిషి గర్వంగా చెప్పాడు. ఆ గర్వం సాగుతుండగానే మధ్యాహ్న భోజనం వచ్చింది. మూత వేసిన పళ్ళెంలో చల్లారిన అన్నం, పలుచని పప్పు, దేనితో చేశారో చెప్పలేని కూర. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"హజారి ఠాకుర్ ఉంటే ఇలా పెట్టేవాడు కాదు" అన్నాడు పెద్దమనిషి.

ఆ హజారి ఎవరని మాస్టారు అడిగారు. ఒడిశా పొలాల మీదుగా రైలు సాగుతుండగా ఆ కథ సాగింది. అది బిభూతిభూషణ్ బందోపాధ్యాయ్ 1940లో ప్రచురించిన 'ఆదర్శ హిందూ హోటల్' నవల. రాణాఘాట్ స్టేషను పక్కన ఒక భోజనశాలలో హజారి వంటవాడు. చేతి వంట అమోఘం. జీతం స్వల్పం. పనిమనిషి పద్మ మాటలకు, యజమాని లోభానికి తలవంచి బతుకుతుంటాడు. రోజూ పని ముగిశాక నది ఒడ్డున కూర్చుని, తనదంటూ ఒక హోటల్ పెట్టాలనీ, అందులో పాచిపోయినది వడ్డించకూడదనీ, తూకంలో మోసం ఉండకూడదనీ కలగంటాడు. తన వంట తిన్న వాళ్ళ ఆదరం, బిడ్డల వంటి ఆడపిల్లలు నమ్మి ఇచ్చిన చిన్న మొత్తాలు పెట్టుబడిగా అతడు చివరికి ఆ కల నెరవేర్చుకుంటాడు. అంతే కథ. హత్యలు లేవు, విరహాలు లేవు. ఒక మనిషి మంచి అన్నం వండి నిజాయితీగా అమ్మాలనుకున్నాడు.

"మా వాళ్ళు ఇది చదివి కన్నీళ్ళు పెట్టుకుంటారు, మాస్టర్‌మశాయ్. అన్నం వండేవాడి గురించి ఎవరు రాస్తారు చెప్పండి!"

మాస్టారు తన చేతిలోని 'వనవాసి' అట్ట చూపించారు. పెద్దమనిషికి తెలుగు లిపి తెలియదు. ఇది మీ బిభూతిబాబు రాసిన 'ఆరణ్యక్' అని చెప్పగానే, ఆయన ఆ పుస్తకాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. 1939లో అచ్చయిన ఆ నవలలో కలకత్తా నుంచి ఒక నిరుద్యోగి బీహారు అడవులలోని ఎస్టేటుకు మేనేజరుగా వెళతాడు. మొదట ఆ ఒంటరితనం భరించలేడు. క్రమంగా ఆ అడవిని, వెన్నెలను, పేదలైన అక్కడి మనుషులను విడిచి ఉండలేనివాడవుతాడు. కాని అతని ఉద్యోగం ఆ అడవిని ముక్కలు చేసి కౌలుకివ్వడమే. ప్రేమించినదానిని తన చేతులతోనే నాశనం చేశానన్న అపరాధభావం పుస్తకమంతటా పరచుకుని ఉంటుంది. రచయిత స్వయంగా భాగల్పూర్ ప్రాంతంలో అటువంటి ఉద్యోగం చేసినవాడు. ఎనభై ఏళ్ళు దాటినా ఆ నవల పాతబడకపోవడానికి కారణం వెతకనక్కరలేదు. కిటికీలోంచి బయటికి చూస్తే చాలు.

బరంపురం వచ్చింది. ప్లాట్‌ఫారం మీద ఒరియా, తెలుగు కలగలిసి వినిపించాయి. రాష్ట్రపతి పదవి నలంకరించిన వి.వి.గిరి జన్మించిన ఊరు ఇది. ఆ తరువాత చిలికా సరస్సు. వర్షం కురుస్తుండడంతో నీరు ఎక్కడ ముగిసి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. చేపల పడవలు గాలిలో వేలాడుతున్నట్లున్నాయి. కటకం వద్ద పెద్దమనిషి దహీబరా ఆలూదమ్ తెప్పించాడు. పెరుగులో నానిన వడల మీద ఘాటైన బంగాళాదుంప కూర పోయడం మాస్టారికి మొదట అపచారమనిపించింది. రెండో ముద్దకు ఆ అభిప్రాయం మారింది.

చీకటి పడ్డాక బోగీలో సంభాషణలు ఒక చోట ఆగిపోయాయి. రైలు బహనగా బజార్ మీదుగా పోతున్నది. 2023 జూన్ 2న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొన్నది అక్కడే. రెండు వందల తొంభై మందికి పైగా మరణించారు. దీపాల వెలుగులో ఆ చిన్న స్టేషను క్షణంలో వెనక్కిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. పెద్దమనిషి మాత్రం కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు.

ఖరగ్‌పూర్‌లో టీ అందించిన మనిషి మాస్టారి చేతిలోని పుస్తకం అట్ట చూసి "ఏ ఊరు బాబూ తమది?" అని అడిగాడు. అచ్చమైన శ్రీకాకుళం యాస. రైల్వే వర్కుషాపులో పనికని తాతల నాడు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ వేలల్లో ఉన్నాయి. ఒకప్పుడు ప్రపంచంలో అతి పొడవైనదిగా చెప్పుకున్న 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం ఈ స్టేషనుదే. ఇప్పుడు ఆ పేరు 2023లో వచ్చిన హుబ్బళ్ళి 1,507 మీటర్ల ప్లాట్‌ఫారానిది. "పేరు పోతే పోయింది బాబూ. టీ అమ్ముకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేవాడికి ఇదే చాలా పొడుగు" అన్నాడతడు.

కాలేజ్ స్ట్రీట్

కోల్‌కతాలో బోయి పాడా అంటే పుస్తకాల పేట. అదే కాలేజ్ స్ట్రీట్. 1817లో హిందూ కళాశాలగా మొదలైన ప్రెసిడెన్సీ, 1824 నాటి సంస్కృత కళాశాల, 1857 నాటి కలకత్తా విశ్వవిద్యాలయం ఒకే వీధిలో ఉండగా, వాటి ప్రహరీలను ఆనుకుని పుస్తకాల దుకాణాలు మొలిచాయి. చెక్క, రేకు, టార్పాలిన్‌తో కట్టిన గూళ్ళు అవి. ప్రతి గూటిలోనూ నేల నుంచి కప్పు దాకా పుస్తకాలు. వాటి నడుమ మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలో యజమాని. ఏ పుస్తకం పేరు చెప్పినా అతడు తల తిప్పకుండానే చేయి చాపి లాగుతాడు. తన దగ్గర లేకపోతే పక్క గూటికి కేక వేస్తాడు.

1886 నుంచి నడుస్తున్న దాస్‌గుప్తా దుకాణం గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. అమర్త్య సేన్ 1950ల మొదట్లో ప్రెసిడెన్సీలో చదువుతుండగా, ఆయన మిత్రుడు సుఖమొయ్ చక్రవర్తి ఈ దుకాణం నుంచి కెన్నెత్ యారో రాసిన కొత్త గ్రంథాన్ని కొనకుండా అరువు తెచ్చాడు. సామాజిక ఎంపికను గురించిన ఆ గ్రంథమే తన జీవితకాల పరిశోధనకు దారి చూపిందని సేన్ స్వయంగా రాసుకున్నారు. 1998లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. కుర్రవాళ్ళకు పుస్తకం ఊరికే ఇచ్చి పంపిన దుకాణదారుకు ఆ రోజు లాభమేమీ మిగిలి ఉండదు. కాని దేశానికి మిగిలింది.

2020 మే 20న అంఫన్ తుఫాను వచ్చినప్పుడు ఈ వీధి నీట మునిగింది. లాక్‌డౌను వల్ల దుకాణాలు అప్పటికే మూతబడి ఉన్నాయి. తాళం వేసిన గూళ్ళలో పుస్తకాలు నాని ఉబ్బిపోయాయి, కొన్ని వీధిలో తేలాయి. ఆ చిత్రాలు చూసి దేశవిదేశాలలోని పాత విద్యార్థులు, పాఠకులు చందాలు పోగుచేసి పంపారు. వర్షం మొదలుకాగానే టార్పాలిన్ దించుతూ ఒక దుకాణదారు మాస్టారితో అన్నాడు: "నీళ్ళకు భయం లేదండీ. నీళ్ళు వస్తాయి, పోతాయి. ఎండ రోజున కూడా మనిషి రాకపోతేనే భయం."

మాస్టారు అతనిని 'ఆదర్శ హిందూ హోటల్' అడిగారు. అట్ట చిరిగిన పాత ప్రతి ఒకటి వెంటనే బయటపడింది. డబ్బు ఇచ్చాక దుకాణదారు "బాంగ్లా వచ్చా?" అని అడిగాడు. రాదన్నారు మాస్టారు. అతడు కొంచెంసేపు ఆయనను పరిశీలనగా చూసి, పుస్తకాన్ని కాగితంలో చుట్టి, వానకు తడవకుండా పైన పాలిథీన్ సంచి కట్టి ఇచ్చాడు.

అరటి ఆకు, ఆవ, కాఫీ

హజారి ఠాకుర్ హోటల్ నవలలోనే ఉన్నది. దానికి దగ్గరి చుట్టం మాత్రం కాలేజ్ స్ట్రీట్ పక్క సందులో దొరుకుతుంది. పేరు 'స్వాధీన్ భారత్ హిందూ హోటల్'. ఒడిశా నుంచి వచ్చిన ఒక మనిషి సుమారు వందేళ్ళ క్రితం పెట్టినది. అప్పుడు ఉత్త హిందూ హోటల్. 1947లో 'స్వాధీన్ భారత్' అన్న మాటలు ముందు చేరాయి. ఇటువంటి వాటిని అక్కడ పైస్ హోటళ్ళంటారు. ఊళ్ళ నుంచి చదువుకూ కొలువుకూ వచ్చినవారు పైసల్లో కడుపు నింపుకునే చోట్లు అవి. అన్నానికి వేరు, పప్పుకు వేరు, కూరకు వేరు, చివరికి అరటి ఆకుకు కూడా వేరుగా లెక్క. అడిగిన దానికే డబ్బు. వడ్డించేవాడు ఆ లెక్కంతా నోటితోనే అప్పగిస్తాడు.

మాస్టారు పాలరాతి బల్ల ముందు, ముక్కూముఖం తెలియని ముగ్గురి మధ్య కూర్చుని, ఆవముద్దతో వండిన ఇలిష్ తిన్నారు. ముళ్ళు ఎక్కువ. పక్కన కూర్చున్న కుర్రవాడు వాటిని ఎలా తీయాలో చూపించాడు. చింతపండు పులుసులో ఊరిన పులస వేరు, ఆవ ఘాటులో ఉడికిన ఇలిష్ వేరు. అయినా లోపలి నూనె రుచి, ఆ వాసన ఒకటే. తెలిసిన మనిషిని పరాయి ఊరిలో వేరే దుస్తులలో చూసినట్లయింది మాస్టారికి.

అక్కడి నుంచి కాఫీ హౌస్ నాలుగడుగుల దూరం. పోస్టర్లు అతికించిన గోడల నడుమ మెట్లెక్కితే, ఎత్తయిన కప్పు, నిదానంగా తిరిగే పంఖాలు, గోడ మీద రవీంద్రుని పెద్ద చిత్రం, ఆ కింద వందలాది గొంతుల రొద. ఇది 1876 నాటి ఆల్బర్ట్ హాలు. సురేంద్రనాథ్ బెనర్జీ ప్రభృతులు ఇండియన్ అసోసియేషన్‌ను అదే ఏడు ఇక్కడే ఏర్పరచారు. 1942లో కాఫీ బోర్డు ఇక్కడ కాఫీ పోయడం ప్రారంభించింది. 1950లలో బోర్డు తన కాఫీ హౌసులను వదిలించుకోబోతే, పని పోగొట్టుకోనున్న సిబ్బంది దేశంలో పలుచోట్ల సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని నిలబెట్టుకున్నారు. 1958లో ఈ కాఫీ హౌస్ కూడా అలాగే సిబ్బంది సహకార సంఘం చేతికి వచ్చింది. తలపాగాలు పెట్టుకుని తెల్లని దుస్తులలో తిరిగే ఈ పనివారు ఒక విధంగా దీని యజమానులు కూడా. బహుశా అందుకే ఒక్క కాఫీ చెప్పి మూడు గంటలు కూర్చున్నవాడిని ఎవరూ లేవమనరు.

పాలు లేని కాఫీని ఇక్కడ ఇన్‌ఫ్యూజన్ అంటారు. చేదుగా ఉంటుంది. విజయవాడ ఫిల్టరు కాఫీకి అలవాటుపడిన నాలుకకు అది నచ్చదు. మాస్టారికీ నచ్చలేదు. కాని ఆ హాలులో కాఫీ నెపం మాత్రమే. ఒక బల్ల దగ్గర కుర్రవాళ్ళు చిన్న పత్రిక ప్రూఫులు దిద్దుతున్నారు. మరో బల్ల దగ్గర నలుగురు వృద్ధులు, బహుశా నలభై ఏళ్ళుగా, అదే వాదన కొనసాగిస్తున్నారు. మన్నా డే 1983లో పాడిన కాఫీ హౌస్ పాటలో చెదిరిపోయిన మిత్రబృందాన్ని తలచుకుని నేటికీ బెంగాలీలు నిట్టూరుస్తారు. పాట వచ్చి నలభై ఏళ్ళు దాటినా బల్లలు మాత్రం ఖాళీ కాలేదు.

శరత్ బాబు ఇంట్లో

మరునాడు మాస్టారు హౌరా నుంచి లోకల్ బండి ఎక్కి దేవుల్టిలో దిగారు. ఆయన ప్రయాణానికి అసలు కారణం అదే. మెయిలులో వస్తూ రాత్రి చీకట్లో దాటిపోయిన చిన్న స్టేషను. తెలుగువారిని తరతరాలుగా కలకత్తా చేర్చిన ప్రతి మద్రాసు బండీ ఈ స్టేషను మీదుగా పోయిందే. అక్కడికి దగ్గరలోని సామ్‌తాబేడ్ గ్రామంలో, రూపనారాయణ్ నది తీరాన, శరత్ చంద్రుడు తన జీవితంలో చివరి పన్నెండేళ్ళలో అధికభాగం గడిపాడని ఎందరికి తెలుసు?

పెంకుటి కప్పు, చుట్టూ వరండాలు గల రెండంతస్తుల ఇల్లు. చెట్ల నీడ. బర్మాలో పదమూడేళ్ళు గుమాస్తాగా బతికి వచ్చిన మనిషి, కలకత్తా సందడి భరించలేక ఇక్కడ స్థిరపడ్డాడు. ఆ రోజులలోనే 1926లో 'పథేర్ దాబీ' పుస్తకంగా రావడం, మరుసటి ఏడు ఆంగ్ల ప్రభుత్వం దానిని నిషేధించడం జరిగాయి. 1938 జనవరి 16న ఆయన కలకత్తాలో కన్నుమూశాడు. ఒకప్పుడు ఇంటిని ఆనుకుని పారిన నది ఇప్పుడు దూరం జరిగింది.

ఆయన రాసుకున్న గది ముందు మాస్టారు చాలాసేపు నిలబడ్డారు. తల్లి మధ్యాహ్నపు వేళ పని ముగించుకుని, స్తంభానికి ఆనుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ చదివిన మాటలు ఇటువంటి గదులలో పుట్టాయి. అవి ఆమె దాకా ఎలా నడిచి వచ్చాయి? చక్రపాణి మదనపల్లె శానిటోరియంలో క్షయవ్యాధికి చికిత్స పొందుతూ, మంచం మీద నుంచి బెంగాలీ నేర్చుకున్నారు. బొందలపాటి శివరామకృష్ణ శరత్ సాహిత్యాన్ని సంపుటాలుగా తెలుగులోకి తెచ్చారు. అట్ట మీద శరత్ పేరు పెద్దది, అనువాదకుని పేరు చిన్నది. చదివే తల్లికి రెండూ పట్టలేదు. ఆమెకు మనుషులు ముఖ్యం. దేవదాసు, పార్వతి ముఖ్యం. సముద్రంలోని చేప వేరొక నదిలో ఎదురీది వేరొక పేరుతో ఆమె ఇంటికి చేరింది. ఈదినవాడెవరో అడిగినవారు లేరు.

గోడ మీద బెంగాలీలో ఏదో రాసి ఉన్నది. మాస్టారికి అది చదవడం రాలేదు. అక్కడ ఆడుకుంటున్న పదేళ్ళ పిల్లవాడు పరుగున వచ్చి, వేలు పెట్టి, గుక్క తిప్పుకోకుండా చదివేశాడు. తరువాత ఆశ్చర్యంగా అడిగాడు, మీరు బడికి పోలేదా అని. ముప్పై అయిదేళ్ళు బడి నడిపిన మాస్టారు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయారు.

తిరుగు ప్రయాణం

సాయంత్రం ఆయన మళ్ళీ కాలేజ్ స్ట్రీట్‌కు వెళ్ళారు. నిన్నటి దుకాణదారు గుర్తుపట్టాడు. ఈసారి మాస్టారు అడిగినది చాలా పలుచని పుస్తకం. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో పిల్లల కోసం రాసిన 'వర్ణపరిచయ్'. బెంగాలీ బిడ్డలు నేటికీ అక్షరాలు దిద్దుకునే వాచకం. ఆ మహనీయుడు అధ్యక్షత వహించిన సంస్కృత కళాశాల అక్కడికి కనుచూపు మేరలోనే ఉన్నది. దుకాణదారు దానిని తీసి ఇస్తూ, డబ్బు వద్దన్నాడు. మాస్టారు బలవంతాన ఇచ్చారు.

దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకపు ప్రతులూ 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నైలోని కన్నెమెరా గ్రంథాలయానికి చేరాలి. ఈ రైలు దారికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. తెలుగు పుస్తకాలు అక్కడా ఉన్నాయి, బెంగాలీ పుస్తకాలు ఇక్కడా ఉన్నాయి. బీరువాలలో పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. చట్టం పుస్తకాన్ని గ్రంథాలయం దాకా తీసుకుపోగలదు. అక్కడి నుంచి ఒక ఇంటి వరండా దాకా తీసుకుపోవడానికి మాత్రం ఒక మనిషి కావాలి. అటువంటి మనుషులు, ఇంగ్లీషు మీదుగానో హిందీ మీదుగానో కాకుండా నేరుగా ఒక భాష నుంచి మరొక భాషలోకి ఈదగలవారు, ఇప్పుడు వేళ్ళ మీద లెక్కించదగినంత మందే మిగిలారు.

మధ్యాహ్నం బయలుదేరిన కోరమాండల్‌లో కిటికీ పక్క సీటు దొరికింది. వాన వెలిసి ఎండ కాసింది. మాస్టారు ఒడిలో రెండు పుస్తకాలున్నాయి, ఒకటి పిల్లలది, ఒకటి హజారి ఠాకుర్‌ది. మొదటిదానిలో అచ్చులు పూర్తయ్యాయి. హల్లుల దగ్గర వేలు ఆగింది. తెలుగు వర్ణమాల వరుసే కావడం వల్ల కష్టమనిపించలేదు. ఆకారాలే కొత్త. పక్కన కూర్చున్న కాలేజీ విద్యార్థిని తన సెల్‌ఫోను పక్కన పెట్టి, కాసేపు చూసి, "తాతగారూ, పరీక్ష ఉందా?" అని అడిగింది.

"ఉందమ్మా. పెద్ద పరీక్షే" అన్నారు మాస్టారు.

బండి వేగం అందుకున్నది. పచ్చని పొలాలు, చెరువులు, అరటి తోటలు. ఒక చిన్న స్టేషను దగ్గరపడుతున్నది. పసుపు పలక మీది నల్లని అక్షరాలు కిటికీ వైపు పరుగెత్తుకు వచ్చాయి. మాస్టారు ముందుకు వంగి, పెదవులు కదుపుతూ ఒక్కొక్కటే కూడబలుక్కున్నారు: దే, ఉ, ల, టి.

పలక దాటిపోయింది. వెంటనే రూపనారాయణ్ వంతెన మొదలైంది. కింద నది నిండుగా పారుతున్నది.